ఏదోలా ఉందన్న చోట చెయ్యి ఆపాలి

రండమ్మా, ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. ఫోను కాసేపు బోర్లా పెట్టండి. నా గొంతు పెద్దది కాదు, నేను చెప్పేది కూడా గట్టిగా చెప్పే సంగతి కాదు. చెవి పెట్టి వింటేనే అందుతుంది.

నేను బాలింతలకు నూనె రాసి నీళ్ళు పోసే పని చేశాను. పసిబిడ్డలకూ పోశాను. వత్సవాయి నుంచి కోడలిగా నందిగామ వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, మణికట్లు మొరాయించేదాకా అదే పని. నందిగామలో, జగ్గయ్యపేటలో, మధ్యనున్న ఊళ్ళలో నా కాళ్ళ మీద స్నానం చేసిన పిల్లలు ఇప్పుడు లారీలు నడుపుతున్నారు, సిమెంటు ఫ్యాక్టరీల్లో డ్యూటీ చేస్తున్నారు. ఈమధ్య ఆసుపత్రికి వెళ్తే నాకు బీపీ చూసిన నర్సమ్మ కూడా అలాంటి పిల్లే. "నీకు నీళ్ళు పోసేటప్పుడు ఊరంతా వినపడేటట్టు ఏడ్చేదానివి" అన్నాను. "ఇక్కడ చెప్పమాక పిన్నీ, పేషెంట్లున్నారు" అంది.

ఈ పనిలోకి ఇప్పుడు కొత్త అమ్మాయిలు వస్తున్నారు. ఫోన్లో పిలిస్తే స్కూటీ మీద వెళ్ళి చేసొస్తున్నారు. మంచిదే. వాళ్ళలో కొందరు నా దగ్గరకొచ్చి ఏ నూనె వాడాలి, నీళ్ళు ఎంత వేడి ఉండాలి అని అడిగారు. నూనె సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

బాలింత అనే మొదటి మాట

బాలింత గొప్పింటిదైనా, కూలికి పోయేదైనా, నూనె చెయ్యి వీపు మీద పడిన కాసేపటికి ఒక మాట అంటుంది. "ఏదోలా ఉందండి." నొప్పి అయితే ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తుంది. ఇది అలా చూపించలేదు. గాల్లో చెయ్యి తిప్పి, "అదో రకంగా ఉంది" అంటుంది. అంతకు మించి మాట దొరకదు.

ఈ మాట చెవిన పడిందంటే ఇంట్లో ప్రతివాళ్ళూ దానికో పేరు పెట్టేస్తారు. అమ్మమ్మ దిష్టి అంటుంది. నాయనమ్మ వేడి చేసిందంటుంది. మొగుడు గ్యాసు బిళ్ళ తెస్తాడు. చదువుకున్న ఆడపడుచు ఫోను చూసి ఇంకో పేరు చెబుతుంది. పేరు పెట్టాక అందరికీ నిమ్మళం, ఆ బాలింతకు తప్ప. ఆవిడకు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పైన ఈ పేరొకటి మోయాలి.

మన పని ఆ పేర్లు పెట్టేవాళ్ళలో చేరడం కాదు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివేమీ కాదు, ఒకావిడ తిట్టి నేర్పింది.

వెంకాయమ్మత్త

ఆవిడ మా ఆయన మేనత్త వెంకాయమ్మ. మీ ఆఫీసుల్లో పైనున్న అధికారులు ఎలాంటి వాళ్ళో నాకు తెలియదు కానీ, నా పనికి గురువూ అధికారీ అన్నీ ఆవిడే. మనిషి సన్నం, నోరు మాత్రం మంట. నేను మొదటిసారి నూనె రాస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి, "ఏందే, మనిషి వీపు రుద్దుతున్నావా, పూరీ పిండి కలుపుతున్నావా?" అంది. బాలింత నవ్వింది, నేను ఏడ్చాను. ఇంటికెళ్ళేటప్పుడు బస్టాండులో పకోడీలు కొని పొట్లం నా చేతిలో పెట్టి, "చేతులు మంచివే. వాటికి తొందరెక్కువ" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే అనుకుంటా.

ఆవిడ పద్ధతి చెబుతాను. బాలింత "ఏదోలా ఉంది" అనగానే చెయ్యి ఆపేసేది. తీసేది కాదు, ఉన్నచోటే ఆపి ఉంచేది. "ఏ చోట?" అని అడిగేది. బాలింత వెతుక్కుని చూపించాక, "ఎట్టా ఉంది?" అనేది. అక్కడితో ఆవిడ మాటలు అయిపోయేవి. ఇక ఎంతసేపైనా కూర్చునేది. బాలింత ఏదో ఒక మాట అనేది, బరువనో, మంటనో, ముడి పడ్డట్టనో. అత్త ఆ మాటే మళ్ళీ అనేది. దాన్ని దిద్దదు, పక్కన ఇంకోటి చేర్చదు. మాట సరిపోలేదనుకోండి, బాలింతే "ఉహుఁ, అది కాదు" అని ఇంకోటి వెతుక్కునేది. అలా వెతుక్కోగా ఒక మాట దొరుకుతుంది చూడండి, అప్పుడు ఒళ్ళు చెబుతుంది. మన చేతి కింద పొట్ట వదులవుతుంది. లోపలినుంచి ఒక ఊపిరి బయటికొస్తుంది. బిగుతు జాకెట్టు హుక్కు తీసినట్టుంటుంది. చేతికి తెలిసిపోతుంది, చెవికన్నా ముందు.

"అంతసేపు ఊరకే ఎందుకు కూర్చుంటావత్తా? ఇదమ్మా సంగతి అని చెప్పేయొచ్చుగా, నీకు తెలుస్తానే ఉంటదిగా" అని ఒకసారి అడిగాను.

"నాకేం తెలుసే? దాని ఒళ్ళు దానిది" అంది. "మడ్డి నీళ్ళ బిందెని కదిలిస్తే తేరుకుంటదా? పక్కన పెట్టి కూర్చోవాలి. నువ్వు చెయ్యి పెట్టి తిప్పావంటే నీ చెయ్యే మడ్డవుద్ది."

ఆవిడా పొరపాటు చేసింది. తనే చెప్పి నవ్వేది. వీరులపాడులో ఒక బాలింత గుండెల్లో ఏదోలా ఉందన్న రోజున అత్తకు బస్సు టైమైపోతోంది. "భయమమ్మా, తొలి కానుపు గదా" అని ఒక మాట అనేసి వచ్చేసింది. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. పెద్దావిడ చెప్పింది కదా అని భయపడటం మొదలుపెట్టింది. బిడ్డ తుమ్మితే భయం, తలుపు కొట్టుకుంటే భయం. ఇంట్లో తాయెత్తులు కట్టారు. కొన్నాళ్ళకు ఆ పిల్లే బిడ్డకు పాలిస్తూ, "నాకు భయం కాదత్తా. మా అన్న నా బిడ్డను చూడ్డానికి రాలా" అని భోరుమంది. అన్నకు కబురు పెట్టారు, అరటిపళ్ళ గెలతో దిగాడు, తాయెత్తు తెంపేశారు.

"అన్న మీద అలకని భయమని చెప్పి దాని చేత అన్నాళ్ళు మోయించా" అనేది అత్త. "బస్సు మాత్రం దొరికిందిలే."

ముందు డాక్టరమ్మ

ఇక్కడ మీకు గట్టిగా ఒక మాట చెప్పాలి. జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా, ఒక్క కాలే వాచినా, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మినా చెయ్యి ఆపి మాట కోసం కూర్చోకండి. నూనె తుడిచేసి ఆటో పిలవండి. నిద్ర పూర్తిగా పోయినా, బిడ్డ మొహం చూడబుద్ధి కాకపోయినా, బతకాలని లేదన్నా అంతే. అవి కూడా ఆసుపత్రి సంగతులే. నేను చెప్పే పద్ధతి డాక్టరు చూసి పరవాలేదన్నాక మిగిలిపోయే ఏదోలాకి మాత్రమే.

నందిగామలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ, పిల్లల చెవుల్లో ముక్కుల్లో నూనె పొయ్యొద్దని, సాంబ్రాణి పొగ మొహాన పట్టొద్దని నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ముందు నాకు రోషం వచ్చింది. తర్వాత మానేశాను. పిల్లలకు దగ్గులు తగ్గాయి. పెద్దవాళ్ళు చేశారని అన్నీ పట్టుకు వేలాడకండి. మంచిది ఉంచుకుని మిగతాది వదిలేస్తే పెద్దవాళ్ళేమీ అనుకోరు.

ఇంకొకటి. అందరికీ మాట దొరకదు. చెవిటికల్లులో ఒకావిడకు నేను నీళ్ళు పోసిన చివరి రోజు దాకా దొరకలేదు. నేను అడిగేదాన్ని, ఆవిడ వెతుక్కునేది, ఇద్దరం కాసేపు అలా ఉండేవాళ్ళం, ఏమీ వచ్చేది కాదు. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఏం చెప్పకపోయినా నా దగ్గర కూర్చున్నారు" అంది. దాంతో సరిపెట్టుకోవాలి. ఒంటిని గిచ్చి గిచ్చి అడిగితే అది అబద్ధం చెబుతుంది.

హారిక సంగతి

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీకు చెప్పడానికే ఇంతసేపు కూర్చోబెట్టాను.

హారికది నందిగామ. వాళ్ళ నాన్నకు పత్తి, మిర్చి పొలాలు. అమ్మ పేరు విజయలక్ష్మి. హారికను జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టున్న వాళ్ళింటికి ఇచ్చారు. అక్కడ కొట్టు నడిపేది అత్తగారు అన్నపూర్ణ. మామగారు లేరు. కొడుకు కిరణ్ ఊళ్ళు తిరిగి రైతుల ఆర్డర్లు చూసుకుంటాడు, ఆవిడ పొద్దున్నే వెళ్ళి కౌంటర్లో కూర్చుంటుంది. తొలి కానుపని హారిక పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో తల్లీబిడ్డల్ని పేటకు పంపాలని రెండిళ్ళవాళ్ళూ ముందే అనుకున్నారు. మా వైపు బేసి నెలలోనే పంపుతారు. మూడు దాటితే ఐదే.

విజయలక్ష్మి గారిలా బాలింతను చూసుకున్న తల్లిని నేను మళ్ళీ చూడలేదు. పథ్యం వంట ఆవిడే, పొత్తిగుడ్డలు ఉతికేది ఆవిడే. బిడ్డ కుయ్యిమనకముందే ఆవిడ చేతుల్లో ఉండేది. పాలకు కూతురి ఒళ్ళో పెట్టేది, తాగడం అయ్యీ కాకముందే తీసుకుని భుజాన వేసుకునేది. "నువ్వు నడుం వాల్చు తల్లీ, దీన్ని నేను చూసుకుంటా" అనేది. బిడ్డను ఎత్తుకుని వరండాలో పాటలు పాడుతూ తిరిగేది. చూసి నేనూ మురిసిపోయేదాన్ని.

రెండో నెలలో హారిక, "ఏదోలా ఉంది పిన్నిగారూ" అనడం మొదలుపెట్టింది. ముందు డాక్టరమ్మ దగ్గరకు పంపాను. ఆవిడ నెమ్మదిగా అన్నీ అడిగి చూసి, రక్తం కొంచెం తక్కువుందని బిళ్ళలిచ్చింది. ప్రమాదమేమీ లేదు, ఏ తేడా అనిపించినా మళ్ళీ రమ్మంది. బిళ్ళలు వేసుకుంటే మొహంలో కళ వచ్చింది కానీ ఏదోలా పోలేదు.

విజయలక్ష్మి గారు దిష్టన్నారు. ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేశారు. తర్వాత గ్యాసన్నారు, వాము కషాయం కాచారు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర హారిక నాన్న, మూడో నెలలో మంచిరోజు చూశారని, ఆ రోజు పంపుదామని అన్నాడు. హారిక చెయ్యి కంచంలో ఆగిపోయింది. అంతే, తల్లికి పేరు దొరికింది.

"బెంగ" అంది. "అత్తారింటికి పోవాలంటే బెంగ. నేనెట్టా కనిపెట్టలేకపోయానో."

అప్పటికప్పుడే వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఫోను స్పీకర్లో ఉంది, నేను వాకిట్లో చేతులు కడుక్కుంటూ విన్నాను.

"మా పిల్లకి మీ ఇల్లనేసరికి ముద్ద దిగట్లేదు వదినగారూ. మీరు పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాక వస్తారాయె. అక్కడ దాన్ని చూసేదెవరు? ఐదో నెల దాకా మేం పంపం."

అవతలినుంచి అన్నపూర్ణ గారి గొంతు వినబడింది. "మేం పిల్లనేమన్నా అన్నామా వదినగారూ?"

"అన్నారని నేనన్నానా?"

"అనకుండానే ముద్ద దిగట్లేదా?"

ఇద్దర్లో ఎవరు ముందు పెట్టేశారో తెలియదు. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా మాటలు లేవు. ప్రతి ఆదివారం పళ్ళు పట్టుకుని వచ్చే కిరణ్, ఆ ఆదివారం వరండాలో కుర్చీ అంచున కూర్చుని, బిడ్డ కాలి వేళ్ళు పట్టుకుని చూసి, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. కిటికీలోంచి హారిక చూస్తూ ఉండిపోయింది. కూరగాయల బండి దగ్గర ఎవరో నన్ను పట్టుకుని, "విజయలక్ష్మి గారమ్మాయికి అత్తారింట్లో ఏందో ఇబ్బందంట గదా?" అని అడిగారు. "నా చేతికి నూనె తప్ప ఏమీ అంటదు" అని వచ్చేశాను. కానీ నాకు దిగులేసింది. ఒక పిల్ల ఒంట్లో తేడాకు తొందరపడి పెట్టిన పేరు పట్టుకుని ఒక కాపురం బీటలు తీయబోతోంది. ఐదో నెల దాకా ఆగితే ఆ మాట ఊరంతా నిజమైపోతుంది.

చంక కింద

మర్నాడు బిడ్డ స్నానం అయ్యాక, విజయలక్ష్మి గారు బిడ్డను ఎండ పొడకు తీసుకెళ్ళారు. నేను హారికకు నూనె రాస్తున్నాను. వీపు అయిపోయి పక్కకు తిరిగింది.

"ఏదోలా ఉంది పిన్నిగారూ" అంది.

చెయ్యి ఆపాను. "ఏ చోట తల్లీ?"

అలవాటుగా గుండెల మీద చెయ్యేసుకుంది. మళ్ళీ తీసేసింది. కాసేపు కళ్ళు మూసుకుని వెతుక్కుంది. చెయ్యి నెమ్మదిగా ఎడమ చంక కిందికి, అక్కణ్ణుంచి పక్కటెముకల మీదుగా నడుము పైకి వచ్చి ఆగింది. "ఇక్కడ."

"ఎట్టా ఉంది?"

"బరువుగా."

"బరువుగా" అన్నాను నేను.

నా చేతి కింద పొట్ట బిగుతుగానే ఉంది. హారికే తల అడ్డంగా ఊపింది. "బరువు కాదు. ఎట్టా చెప్పాలి... ఖాళీగా."

"ఖాళీగా."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్ట ఇంకా వదల్లేదు. ఏడుపు వస్తే అయిపోయిందనుకోకండి, ఒక్కోసారి ఏడుపు ముందే వస్తుంది. ఏమీ అనకుండా ఉన్నాను. వాకిట్లో విజయలక్ష్మి గారు పాడుతున్న పాట వినబడుతోంది.

"నీళ్ళ బిందె చంకనేసుకుని వస్తాం గదా పిన్నీ. బిందె దించాక చంకలో ఖాళీగా ఉంటది. అట్టా."

"బిందె దించినట్టు."

"ఊఁ." వెంటనే కనుబొమలు ముడేసింది. "కాదు. దించలా. నేను దించలేదు పిన్నీ, తీసేసుకున్నారు."

ఆ మాటతో లోపలినుంచి ఊపిరి వచ్చింది చూడండి, మనిషి మొత్తం చాప మీద పరుచుకుపోయినట్టయింది. కాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది. బాలింతకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తే ఆపకూడదు.

"అమ్మ దాన్ని నాకివ్వట్లేదు" అంది. "నా పిల్లని నేనెత్తుకుని అటూ ఇటూ తిరిగిందే లేదు. పాలిచ్చే పనికి పిలుస్తారు, అయిపోగానే పంపేస్తారు. నన్ను మళ్ళీ చిన్నపిల్లని చేసి మంచం మీద కూర్చోబెట్టారు. అమ్మ ప్రేమే అది, నాకు తెలుసు. తెలిసి ఇట్టా అనుకుంటే పాపం గదా అని నాకు నేనే ఏమీ చెప్పుకోలా."

"అయితే పేటకి పోవాలంటే బెంగా?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. నేను పేరు పెట్టేశాను కదా. కానీ ఆ పిల్ల మళ్ళీ పక్కటెముకల మీద చెయ్యేసుకుని, లోపల అడిగి వచ్చినట్టు కాసేపాగి చెప్పింది.

"బెంగ లేదు పిన్నీ. తొందర. అత్తయ్య పొద్దున్నే కొట్టుకెళ్ళిపోతారు. సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, నా పిల్లా. అదేడ్చినా నేనే, నవ్వినా నేనే. నాకదే కావాలి. అమ్మేమో అదే తప్పని అత్తయ్యని తిట్టింది."

చూసేవాళ్ళు లేరని తల్లి భయపడిన ఇల్లే ఈ పిల్లకు కావాల్సిన ఇల్లు.

"అమ్మకి నువ్వు చెప్పు పిన్నీ. నేను చెప్తే తట్టుకోలేదు."

"నేను చెప్పనమ్మా" అన్నాను.

ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. ఒంటిలోంచి వచ్చిన మాటను మనం పక్క గదిలోకి కూడా మోయకూడదు. మోస్తే అది చాడీ అవుతుంది, ఎంత మంచి మాటైనా సరే. అది వచ్చిన మనిషి నోటితోనే పోవాలి. హారికకు నా మీద కోపం వచ్చింది. నీళ్ళు పోయించుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

మగ్గు ఎవరి చేతిలో

ఆ మర్నాడు పొద్దున నేను మామూలుగా బాత్రూం ముందు పీటేసుకుని, చీర మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు చాపి కూర్చున్నాను. పక్కన వేణ్ణీళ్ళ బకెట్టు. విజయలక్ష్మి గారు ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో మగ్గు తీసుకున్నారు. రోజూ అంతే. బిడ్డ నా కాళ్ళ మీద, మగ్గు ఆవిడ చేతిలో. హారిక లోపల మంచం మీద.

ఆ రోజు హారిక వచ్చి నా ముందు నిలబడింది. "లే పిన్నీ. ఇవ్వాళ నేను కూర్చుంటా."

"నువ్వెక్కడ కూర్చుంటావే?" అంది తల్లి. "నడుమింకా గట్టిపడలా. తడి పిల్ల, జారిపోద్ది."

"జారనివ్వనులేమ్మా. ఇటివ్వు."

"రత్నమ్మ ఉంది గదా. రత్నమ్మా, నువ్వు లేవమాక."

నేను సగం లేచి, సగం కూర్చుని ఉండిపోయాను. మణికట్ల సంగతి అలా ఉంచండి, ఆ వయసులో మోకాళ్ళకు అది చాలా కష్టమైన కూర్చోవడం.

హారిక చంక కింద చెయ్యి పెట్టుకుంది. తడుముకుని చెప్పింది. "అమ్మా. నాకు పేటకి పోవాలంటే బెంగ లేదు. నాకు దీన్ని ఎత్తుకోవాలనుంది. పాలు తాగాక కూడా."

విజయలక్ష్మి గారి మొహం ఎర్రబడింది. "అంటే నేనెత్తుకోవడం తప్పయిందా? ఒళ్ళు హూనం చేసుకుని చేస్తే నాకిదా?"

"తప్పనలేదమ్మా."

"అనకపోతే ఏంది? నిన్ను మాత్రం నాకెవరిచ్చారు? నువ్వు పుట్టినప్పుడు మిరప కోతలు. మీ నాయనమ్మ పోసింది నీకు నీళ్ళు. నేను కల్లంలో కూలోళ్ళ వెనక తిరిగి వస్తే, మిరప ఘాటు చేతులతో పిల్లని ముట్టుకోమాకు, దాని ఒళ్ళు మండుద్ది అనేది. ఎన్నిసార్లు కడిగినా నా చేతులు మండుతానే ఉండేవి. నాకెప్పుడు దొరికావే నువ్వు?"

ఎత్తిపొడవాలనే మొదలుపెట్టింది ఆవిడ. మాట చివరికొచ్చేసరికి గొంతు మారిపోయింది. ఇంతకాలం ఆవిడలో ఉన్న మాటే అయినా, ఆవిడకే కొత్తగా వినబడినట్టుంది. మగ్గు బకెట్లో వదిలేసి అరచెయ్యి తిప్పి చూసుకుంది. నేను ఏ చోటని అడగలేదు. ఆవిడ చూసుకుంటున్న చోటు కనబడుతూనే ఉంది. భుజాలు రెండూ నెమ్మదిగా దిగాయి, నా నూనె చెయ్యి పడకుండానే.

బిడ్డ అమ్మమ్మ మెడలో గొలుసు పట్టుకుని లాగుతోంది.

"కూర్చో" అంది విజయలక్ష్మి గారు కూతురితో. "కాళ్ళు దగ్గరగా పెట్టు, మధ్యలో సందుండకూడదు. నైటీ పైకి మడుచుకో."

నేను లేచాను. హారిక పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. తల్లి వంగి, బిడ్డ పిడికిట్లోంచి గొలుసు విడిపించుకుని, బిడ్డను తన చేతులతోనే కూతురి కాళ్ళ మీద పడుకోబెట్టింది. మగ్గుతో నీళ్ళు తీసుకుని ముందు తన మణికట్టు మీద పోసుకుని చూసింది.

"మెడ కింద చెయ్యి పెట్టు. అట్టా కాదు, వేళ్ళు విప్పి. ఆఁ, అట్టా. పొయ్యనా?"

"పొయ్యమ్మా."

ఆ రోజు నాకు పని లేదు. గడప మీద కూర్చుని చూశాను. తల్లి పోస్తోంది, కూతురు రుద్దుతోంది. బిడ్డ ఏడవడానికి నోరు తెరిచి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఎందుకో మళ్ళీ మూసేసింది. ఆ తర్వాత కూడా నేను ఆ ఇంటికి హారికకు నూనె రాయడానికి వెళ్ళాను కానీ, బిడ్డను నా కాళ్ళ మీదికి మళ్ళీ ఇవ్వలేదు. అలాంటప్పుడు చిన్నబుచ్చుకోకండి. మన అవసరం తీరిపోవడం కన్నా మంచి జీతం ఈ పనిలో లేదు.

కొద్ది రోజులకు విజయలక్ష్మి గారు వియ్యపురాలికి ఫోన్ చేశారు. ఈసారి కూడా స్పీకరే.

"మూడో నెలలోనే పంపుతాం వదినగారూ. నేనే పొరపాటు పడ్డా."

అన్నపూర్ణ గారు వెంటనే సంతోషపడలేదు. పాపం, ఆవిడ కూడా ఈలోపు ఆలోచించుకుంది. "విత్తనాల సీజను గదా వదినగారూ, పగలంతా నేను కొట్లోనే ఉండాలి. మీరన్నది నిజమే, పిల్లకి కష్టమవుద్ది. కొట్లో ఎవర్నైనా పెట్టి నేనింట్లో ఉంటాలెండి."

"వద్దొద్దు" అన్నారు విజయలక్ష్మి గారు కంగారుగా. "మీరు కొట్లోనే ఉండండి. మీరు కొట్లో ఉంటేనే అది సుఖంగా ఉంటది."

అది మంచి మాటో దెప్పిపొడుపో అన్నపూర్ణ గారికి అర్థం కాలేదు. హారిక పక్కనుంచి ఫోను లాక్కుని, "అత్తయ్యా, నేనొచ్చాక అన్నీ చెప్తా. మీరు రాకముందు నేనే వంట చేసి పెడతా" అని నవ్వింది. అప్పుడు అవతల కూడా నవ్వు వినబడింది. ఆ ఆదివారం కిరణ్ కాఫీ తాగాడు, ఉప్మా కూడా తిన్నాడు. పిల్లను ఎత్తుకుని వరండాలో తిరిగింది మాత్రం హారికే.

నా చేతులు

పని మానేశాక నా అరచేతుల్లో ఏదోలా మొదలైంది. మా ఇంట్లోవాళ్ళు వయసన్నారు, సుగరన్నారు. డాక్టరమ్మ చూసి నరాలు బాగానే ఉన్నాయంది. అప్పుడు అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని, అత్త బాలింతల్ని అడిగినట్టు నన్ను నేనే అడిగాను. ఏ చోట? రెండు అరచేతుల మధ్యలో. ఎట్టా ఉంది? తిమ్మిరన్నాను, కాదు. మంటన్నాను, అదీ కాదు. చాలాసేపటికి వచ్చింది, చేతిలో పోసుకున్న నూనె ఎవరికీ రాయకుండా మిగిలిపోయినట్టుంది. ఆ మాట అనుకోగానే నాకూ ఊపిరి వదులైంది. అందుకే ఇలా మీతో మాట్లాడుతున్నట్టు కలం పట్టాను. నూనె మీకు రాసేశాను, ఇక చేతులు తేలికగా ఉన్నాయి.

మీ ఇంట వేణ్ణీళ్ళు ఎప్పుడూ కాగుతూ ఉండాలి. మీ పిల్లలు తడి ఒంటితో నవ్వుతూ పెరగాలి. మీ ఇంట్లో ఎవరైనా ఏదోలా ఉందంటే, పని ఆపి పక్కన కూర్చునే మనిషి ఒకరు ఆ ఇంట ఎల్లకాలం ఉండాలి. చల్లగా ఉండండి తల్లీ, మీరూ, మీ వాళ్ళూ.